రెండు గుడ్డ టాపు కార్లు

“టాపు ఇంకొకసారి మడిచి చూపిద్దాం” అన్నాడు గంగప్ప.

డాక్టర్ నాగవేణమ్మ ఆస్పత్రి మెట్ల మీద నిలబడి చేతులు తుడుచుకుంటోంది. ఆ మాట విని కళ్ళు మూసుకుంది. పొద్దుటినుంచి ఆ తెల్ల కారు గుడ్డ టాపును మడవడం, మళ్ళీ ఎత్తడం, ఇదే పని. మార్కెట్టు పెద్దమనుషులకు చూపించడానికి ఒకసారి మడిచారు. తాలూకాఫీసు గుమాస్తాలకు చూపించడానికి ఎత్తారు. ఇప్పుడు గంగప్ప వియ్యంకుడు పాపిరెడ్డిపట్టినుంచి వచ్చాడు, ఆయన చూడాలి. లోపల వరండాలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళు బెంచీల మీద వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళు కూడా తమ బాధలు మరచి మెడలు చాచి కారు వైపే చూస్తున్నారు.

“మామా, ఆ బండి నాకు కావల్సింది పల్లెలకు పోయేదానికి” అంది నాగవేణమ్మ. “టాపు ఎట్ల ఉంటే ఏమి?”

“నువ్వు చెప్పింది నిజమేమ్మా” అన్నాడు గంగప్ప. “అయినా, పెద్దమనిషి అంత దూరం వచ్చినాడు కదా.”

ఆ “అయినా” వినీ వినీ ఆమెకు తలనొప్పి పట్టుకుంది.

యుద్ధం ముగిసి రెండేళ్ళయింది. ధర్మపురికి ఉన్న చిన్న రైలు యుద్ధం రోజుల్లోనే ఆగిపోయింది. పట్టాలు కూడా పీకి తీసుకుపోయారు. మిగిలినవి బొగ్గుతో నడిచే బస్సులు. ఎత్తు వచ్చిందంటే అవి ఆగిపోయేవి. డ్రైవరు దిగి పొయ్యి కెలికి, బొగ్గు వేసి, బీడీ ముట్టించి, మళ్ళీ ఎప్పటికో కదిలేవి. మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని నాగవేణమ్మ ఆ బస్సుల్లోనే పాలకోడు, కంబైనల్లూరు వైపు పల్లెలకు పోయేది. రోడ్డు మీద దిగాక ఎద్దుల బండి. ఆ వేసవిలో పాలకోడు దగ్గర ఒక పల్లెకు కాన్పు కోసం అట్లా పోయి చేరేసరికి తల్లి ఒళ్ళు చల్లబడి ఉంది. ఇంటివాళ్ళు మజ్జిగ తెచ్చి ఇచ్చారు. ఆమె ఆ మజ్జిగ తాగలేకపోయింది.

ఊరికి తిరిగి వచ్చి నేరుగా ఆస్పత్రి సంఘం పెద్దల దగ్గరికి పోయింది. కారు లేకపోతే ఈ పని నావల్ల కాదని చెప్పేసింది. ఆ ప్రసూతి ఆస్పత్రి సంఘంవాళ్ళ చందాలతో నడుస్తుంది. గంగప్ప అధ్యక్షుడు. చెనక్కాయ నూనె మిల్లు ఆయనది, నాగవేణమ్మ తండ్రితో కలిసి పశువుల సంతలు తిరిగినవాడు, అందుకే ఆమెకు మామ. మారప్ప కార్యదర్శి. సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాడు. దేన్నయినా కొలిచి చూడనిదే నమ్మడు. ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. ఆ కార్ల వ్యవహారంలో చికాకు లేకుండా జరిగింది ఆ ఒక్క ఒప్పుకోవడమే.

కొత్త కారు కావాలంటే పేరు రాయించుకుని ఎన్నేళ్ళైనా కాచుకోవాలి. పాతవి రెండు దొరికాయి. ఏర్కాడు కాఫీ తోట దొర ఒకడు తన దేశానికి తిరిగి పోతూ తన చిన్న ఇంగ్లీషు కారు అమ్ముతున్నాడు. ఆకుపచ్చ రంగు. ముందు ఇద్దరికి చోటు. వెనక డిక్కీ మూత ఎత్తితే ఇంకొకరు ముడుచుకుని కూర్చోవచ్చు. రెండోది సేలంలో చనిపోయిన ఒక జమీందారుది. తెల్లటి పెద్ద అమెరికా కారు. దాని ముక్కు సందు మలుపు తిరిగిన చాలాసేపటికి గాని తోక కనిపించదు. రెండింటికీ పైన మడిచే గుడ్డ టాపే. నడిపి చూసి నచ్చింది ఉంచుకోమని దొరా, జమీందారు ఇంటివాళ్ళూ కార్లు పంపించారు. ఆస్పత్రి ముందు తాటాకు పందిరి వేసి రెండింటినీ పక్కపక్కన నిలబెట్టారు.

అప్పటినుంచి ధర్మపురిలో పనిలేనివాళ్ళందరికీ పని దొరికింది.

నాగవేణమ్మకు మొదటిరోజే తేలిపోయింది. మద్రాసు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, జపానువాళ్ళు బాంబులు వేస్తారని ఊరంతా భయపడిన రోజుల్లో, నర్సులకూ లేడీ డాక్టర్లకూ ఆంబులెన్సు నడపడం నేర్పించారు. ఆమె ఆకుపచ్చ కారును కారిమంగలం రోడ్డు మీద పోనిచ్చి తిప్పుకు వచ్చింది. స్టీరింగు చేతికి తేలిగ్గా ఉంది. గేర్లు చెప్పినట్టు పడ్డాయి. తెల్ల కారులో క్లచ్చి తొక్కాలంటే వీపు వెనక దిండు పెట్టుకోవాల్సి వచ్చింది. మలుపు తిప్పేసరికి భుజాలు పడిపోయాయి. పెట్రోలు రేషను. డాక్టరని ఇచ్చే అదనపు కూపన్లను ఆ బండి వారంలో మింగేసేట్టు ఉంది.

మీటింగులో ఆ సంగతంతా చెప్పింది. అందరూ మర్యాదగా విన్నారు.

“నువ్వు చెప్పింది నిజమే” అన్నాడు గంగప్ప. “అయినా, మన ఆస్పత్రికి ఒక మరియాద ఉండాల కదా. ఆ పచ్చది చూస్తే మిడత మాదిరి ఉండాది. తెల్లదైతే హారను కొడితే కలెక్టరు వచ్చినాడేమో అని దోవ ఇస్తారు.”

“నాకు దోవ ఇచ్చేదానికి మేకలే మామా ఉండేది. వాటికి కలెక్టరు తెలీదు.”

మారప్ప గొంతు సవరించుకున్నాడు. ఆయన రెండు కార్లనూ సర్వే గొలుసుతో కొలిచి వచ్చాడు. “పచ్చది చిన్నది, తెల్లది పెద్దది” అన్నాడు. అది కొలవక ముందే అందరికీ తెలుసు. “అయితే నా సందేహం వేరే. రెండూ గుడ్డ టాపే. ఆడమనిషి టాపు లేని బండిలో వీధిలో పోతే బాగుంటుందా? ఇనుప టాపు ఉండే బండి దొరికేవరకు కాచుకొంటే ఏమి?”

“ఎద్దుల బండికి ఇనుప టాపు ఉండాదా అన్నా?” అంది నాగవేణమ్మ.

“అది వేరే” అన్నాడు మారప్ప. ఎట్లా వేరో చెప్పలేదు.

నిర్ణయం వచ్చే వారానికి వాయిదా పడింది. ఆ వారంలో పల్లెనుంచి పిలుపు వస్తే తెల్ల కారు గంగప్ప బంధువుల పెళ్ళికి కంబైనల్లూరు పోయి ఉంది. ఆకుపచ్చ కారు ఉంది గాని, మారప్ప గాలనుకు ఎన్ని మైళ్ళు ఇస్తుందో తేల్చుకోవడానికి దాన్ని పెట్రోలు అయిపోయేదాకా నడిపించి, అయిపోయిన చోటునుంచి ఎద్దులతో లాగించుకుని వచ్చాడు. లెక్క మాత్రం బాగా తేలింది. నాగవేణమ్మ బొగ్గు బస్సెక్కి పోయింది. అదృష్టం బాగుండి ఆమె పోయేసరికి ఆ బిడ్డ తనంతట తానే పుట్టి ఏడుస్తోంది. తిరిగి వచ్చేసరికి తెల్ల కారు పందిట్లో ఉంది. సీట్ల సందుల్లో మల్లెపూలు, అక్షింతలు, ఎవరో చప్పరించి పారేసిన చెరుకు పిప్పి. ఆస్పత్రి నర్సు కన్నియమ్మ చీపురు పట్టుకుని అవన్నీ ఊడ్చింది.

ఇంట్లో కూడా అదే గోల. భర్త జయరామ హైస్కూల్లో లెక్కల మాస్టరు. అన్నం తింటూ, “పచ్చదే మంచిది. కానీ తెల్లది చూసేదానికి బాగుండాది” అన్నాడు.

ఆమె చారు గిన్నె కింద పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

వాయిదా పడిన మీటింగు దీపావళి వచ్చే ఐప్పసి నెలలో మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం మొదలైంది. గంగప్ప తెల్ల కారుకు నలుగురి మద్దతు కూడగట్టుకుని వచ్చాడు. మారప్ప ఇనుప టాపు మాట వదల్లేదు. నాగవేణమ్మ చెప్పిందే మళ్ళీ చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో ఒళ్ళంతా చెమటతో ఒకతను వరండాలోకి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. కంబైనల్లూరు రోడ్డుకు లోపల ఉన్న ఒక పల్లెవాడు, పేరు బైరప్ప. దారిలో ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని తొక్కుకుంటూ వచ్చాడు. భార్య పొన్నికి నిన్నటినుంచి నొప్పులు. ఉమ్మనీరు పోయింది. బిడ్డ రావడం లేదు. మంత్రసాని చేతులెత్తేసింది.

నాగవేణమ్మ లేచి పెట్టె అందుకుంది. “పచ్చది తీసుకొని పోతా ఉండా” అంది ఎవరినీ అడక్కుండా.

“మేము కూడా వస్తాము” అన్నాడు గంగప్ప. “తెల్లది వెనకాలే తెస్తాను. రెండూ ఒకే దోవలో పోతే ఏది మేలో ఈ దినమే తేలిపోతుంది.”

“ఊరేగింపు కాదు మామా ఇది.”

“నువ్వు చెప్పింది నిజమే. అయినా, నువ్వు ముందు పో.”

వాదించే టైము లేదు. కన్నియమ్మను ఆస్పత్రిలో బల్ల, మత్తుమందు సిద్ధం చేసి ఉంచమని చెప్పి, బైరప్పను పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరింది. ఊరు దాటేసరికి వెనకనుంచి తెల్ల కారు హారను మొదలైంది. మేకల మందకొకసారి, గడ్డి బండికొకసారి, ఏమీ లేకపోయినా ఒకసారి. అద్దంలో చూస్తే గంగప్ప తలపాగా, పక్కన గొడుగు నిలబెట్టుకుని మారప్ప. నాగవేణమ్మ పళ్ళు బిగబట్టి వేగం పెంచింది.

రోడ్డు వదిలి పల్లె దారి పట్టాక ఆకుపచ్చ కారు తన మంచితనమంతా చూపించింది. బండిజాడల మధ్య గట్టు మీద చక్రాలు నిలిపి పోయింది. కలబంద కంచెల మధ్య సందులో రెండు వైపులా జానెడు చోటు మిగిలేట్టు దూరింది. బైరప్ప గుడిసె వాకిట్లోకే పోయి ఆగింది. తెల్ల కారు ఆ కంచెల దాకా వచ్చి, ఇక లోపలికి రాలేక, పల్లె బయటే నిలిచిపోయింది. ఆ చికాకులో కూడా నాగవేణమ్మకు లోపల కొంచెం సంతోషం కలగకపోలేదు. చూసుకోండి, అనుకుంది.

గుడిసెలో పొన్ని చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. ఇరవై ఏళ్ళుండవు. పెదవులు ఎండిపోయాయి. అత్త కెంచమ్మ తల దగ్గర కూర్చుని నుదురు తుడుస్తోంది. నాగవేణమ్మ చేతులు కడుక్కుని చూసింది. బిడ్డ అడ్డంగా ఉంది. గుండె కొట్టుకోవడం వినిపిస్తోంది, వేగంగా, కానీ గట్టిగానే. మత్తు ఇచ్చి, లోపల చెయ్యి పెట్టి, బిడ్డను తిప్పి కాళ్ళు పట్టి తియ్యాలి. ఈ చీకటి గుడిసెలో, ఒంటరిగా, రక్తం పోవడం మొదలైతే ఆపడానికి ఏమీ లేకుండా చెయ్యగలిగిన పని కాదు అది.

“ఆస్పత్రికి తీసుకొని పోవాల” అంది. “బిడ్డ బతికే ఉండాది. ఆలస్యం చేయకూడదు.”

“కారు వాకిట్లోనే ఉండాది కదమ్మా” అంది కెంచమ్మ. “లేవనెత్తేదా?”

నాగవేణమ్మ సరేననబోయి ఆగింది. వాకిట్లో ఆకుపచ్చ కారు బొమ్మలాగా నిలబడి ఉంది. ముందు రెండు సీట్లు. వెనక డిక్కీ. ఉమ్మనీరు పోయిన మనిషిని కూర్చోబెడితే బొడ్డుతాడు జారి ముందుకు రావచ్చు. అది జారిందా, బిడ్డ దారిలోనే పోతుంది. పొన్ని పడుకునే పోవాలి. ఆ కారులో మనిషి కాదు గదా, పెద్ద గుమ్మడికాయను కూడా పడుకోబెట్టలేరు.

ఇన్ని రోజులుగా స్టీరింగు గురించి, గేర్ల గురించి, పెట్రోలు గురించి ఆమె ఎన్ని మాటలు మాట్లాడింది. నడిపే మనిషి గురించే మాట్లాడింది. ఎవరి కోసం కారు కావాలని సంఘం మెట్లెక్కిందో ఆ మనిషి ఎక్కడ పడుకుంటుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. గంగప్ప ఆలోచించలేదంటే సరే. మారప్ప గొలుసు వేసి కొలిచాడు గాని, ఆయనా ఆలోచించలేదు. ఆమె డాక్టరు.

“నులక మంచం ఉండాదా?” అని అడిగింది బైరప్పను. “తీసుకొని రండి. ఎద్దుల పగ్గాలు కూడా.”

పొన్నిని మంచం మీదికి చేర్చి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, నలుగురు మోసుకుంటూ కంచెల సందు గుండా బయటికి తెచ్చారు. నాగవేణమ్మ పక్కన నడుస్తూ పొన్ని చెయ్యి పట్టుకుంది. పల్లె బయట గంగప్ప కారు బానెట్టుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

“ఏమ్మా, పచ్చదానికి ఏమైంది?”

“టాపు మడవండి మామా” అంది నాగవేణమ్మ.

ఆయన ఆమె ముఖం చూసి మడిచాడు. పొద్దున్నుంచి సాయంత్రందాకా జనానికి చూపించి చూపించి చెయ్యి తిరిగిందేమో, చాలా తొందరగా మడిచాడు. మంచం కాళ్ళ వైపు ముందు సీటు వీపు మీద, తల వైపు వెనక మడిచిన టాపు మీద ఆనించి, పగ్గాలతో కట్టారు. సరిపోయింది. పక్కన వెనక సీటు మీద మోకాళ్ళ మీద కూర్చునేంత చోటు నాగవేణమ్మకు మిగిలింది. కెంచమ్మ, మారప్ప ముందు ఎక్కారు. బైరప్ప ఒకవైపు ఫుట్‌బోర్డు మీద నిలబడి మంచం పట్టుకున్నాడు.

“ఎవరు నడిపేది?” అన్నాడు గంగప్ప.

“మీరే. నేను ఈమెను వదలకూడదు. కుదుపు తగలకుండా పోవాల. హారను కొట్టకండి, ఉలిక్కిపడుతుంది.”

“సరి” అన్నాడు గంగప్ప.

సగం దూరం పోయేసరికి వాన పట్టుకుంది. మంచం అడ్డం ఉంది, టాపు ఎత్తడానికి లేదు. మారప్ప కారు ఆపించి దిగాడు. కెంచమ్మ దగ్గర గొంగళి అడిగి తీసుకుని, రెండోవైపు ఫుట్‌బోర్డు మీదికెక్కి, ఒక చేత్తో గొంగళి చివర, ఒక చేత్తో గొడుగు పట్టుకుని మంచం మీద కప్పుగా నిలిపాడు. అవతలి చివర బైరప్ప పట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి ధర్మపురి దాకా అట్లాగే నిలబడి వచ్చాడు. దారిలో జనం ఆగి చూశారు. చీర మోకాళ్ళ దాకా దోపుకుని, తలంతా తడిసి, టాపు లేని బండిలో లేడీ డాక్టరు మోకరించి ఉండటం అందరూ చూశారు. మారప్ప ఆ మాట ఎత్తలేదు.

గంగప్ప ఒక్కసారి కూడా హారను ముట్టుకోలేదు. గుంత కనపడితే చక్రం దాని అంచున పెట్టి మెల్లగా దించి మెల్లగా ఎక్కించాడు. మధ్య మధ్య, తల తిప్పకుండా, “సరిగ్గా పోతా ఉండానా?” అని అడిగాడు. “పోతా ఉండారు” అంది ఆమె. ఆ మనిషికి ఇంత నిదానం ఉందని ఆమెకు తెలియదు.

ఆస్పత్రిలో కన్నియమ్మ మత్తు ఇచ్చింది. నాగవేణమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టి, బిడ్డ పాదం కోసం వెతికింది. దొరికింది. ఆడపిల్ల. పుట్టినప్పుడు నీలంగా ఉండి ఏడవలేదు. వీపు రుద్ది, నోరు తుడిచి, తలకిందులుగా పట్టుకుని తడితే చివరికి తుమ్మినట్టు ఒక చిన్న చప్పుడు చేసి, తర్వాత గట్టిగా ఏడ్చింది. వరండాలో కెంచమ్మ గోడకు తల ఆనించి కూలబడింది. గంగప్ప తడిసిన తలపాగా పిండుకుంటూ అటువైపు తిరిగి నిలబడ్డాడు.

పొన్నికి జ్వరం వచ్చింది. నాగవేణమ్మ కొన్ని రోజులు ఆమె మంచం వదిలి కదల్లేదు. కార్ల సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. జ్వరం దిగి పొన్ని జావ తాగిన పొద్దున, నాగవేణమ్మ బయటికి వచ్చి చూస్తే పందిట్లో ఆకుపచ్చ కారు ఒక్కటే ఉంది. పల్లెనుంచి ఎవరో తెచ్చి పెట్టారు. దాని సీటు మీద కోడి ఈకలున్నాయి. పక్కన తెల్ల కారు లేదు.

ఆమె నేరుగా నూనె మిల్లుకు పోయింది.

“తెల్లది ఎక్కడ మామా?”

“సేలానికి పంపించేస్తిని” అన్నాడు గంగప్ప, ముఖమంతా వెలిగిపోతూ. “దొరకు కూడా మాట ఇచ్చినాను, పచ్చది మాదేనని. ఆ దినం నువ్వు ఆ సందులో దూరి పోయినావు చూడు, నా తెల్లది కంచె కాడ నిలిచిపాయ. అప్పుడే అనుకొన్నాను, డాక్టరమ్మ చెప్పిందే సరి, మనమే పొగరు చేస్తిమి అని. ఇంక నువ్వు చెప్పినట్టే.”

నాగవేణమ్మ అక్కడున్న చెనక్కాయ మూట మీద కూర్చుంది. ఆమెకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆమె మాట వినని మనిషి, వినకూడని రోజు చూసుకుని విన్నాడు.

“మామా, నాకు తెల్లది కావల” అంది.

“పచ్చదంటివి కదమ్మా?”

“అంటిని. మీరు చూసినారు కదా ఆ దినం, మంచం దేంట్లో పట్టిందో.”

“చూసినాను. అయితే అది ఒక్క దినం సంగతి. దినామూ నడిపేది నువ్వు కదా, నీకు పచ్చదే అనువు అని...”

“నాకు అనువు. వాళ్ళకు కాదు.”

ఆయన తల గోక్కున్నాడు. “దొరకు మాట ఇచ్చినానే” అన్నాడు.

“అది మీరు చూసుకోండి. నేను సేలం పోతా ఉండా.”

బస్సు తొప్పూరు కనుమలో రెండుసార్లు ఆగింది. సేలంలో జమీందారు ఇల్లు వెతుక్కుని చేరేసరికి మధ్యాహ్నం దాటింది. జమీందారు భార్య శివగామి తెల్ల చీరలో హాల్లో కూర్చుని ఉంది. ఆమె తమిళంలోనే మాట్లాడింది, నాగవేణమ్మ తమిళంలోనే జవాబిచ్చింది.

“మీవాళ్ళు వద్దని తిప్పి పంపారు” అంది శివగామి. “ఇప్పుడు ఒక సినిమా కంపెనీవాళ్ళు అడుగుతున్నారు. రేపు వస్తామన్నారు.”

“వద్దన్నది పొరపాటమ్మా” అని, పొన్ని సంగతి చెప్పింది నాగవేణమ్మ. కంచెల సందు, మంచం, పగ్గాలు, వాన, అన్నీ. చెబుతుంటే మళ్ళీ కోపం వచ్చి గొంతు పెరిగింది.

శివగామి కదలకుండా వింది. “మంచం అందులో పట్టిందా?” అని అడిగింది.

“పట్టింది.”

“ఆయన వేటకు పోయినప్పుడు జింకలను వేసుకుని వచ్చేవారు దాంట్లో. నాలుగు కాళ్ళూ బయటికి వేలాడుతూ ఉండేవి. నేను ఎప్పుడూ అందులో ఎక్కలేదు, ఆ వాసన పడేది కాదు.” చీర కొంగు భుజం మీదికి లాక్కుంది. “ఆ పిల్ల ఎట్లా ఉంది?”

“ఈ పొద్దున జావ తాగింది.”

“తీసుకుని పో” అంది శివగామి. “సినిమావాళ్ళకు నేను చెప్పుకుంటాను.”

నాగవేణమ్మ వీపు వెనక ఆ ఇంటివాళ్ళు ఇచ్చిన దిండు పెట్టుకుని బయలుదేరింది. కనుమ ఎక్కేటప్పుడు ఇంజను కాగి మూతలోంచి ఆవిరి కొట్టింది. పక్కన ఆపి, కొంగుతో మూత పట్టుకుని, వాగునుంచి నీళ్ళు తెచ్చి పోసింది. అటు పోతున్న లారీవాళ్ళు ఇద్దరు ఆగి సాయం పట్టారు. సాయం పడుతూనే, టాపు ఎత్తి పోతే గాలి తగ్గుతుందని ఒకరు, మడిచి పోతే బరువు తగ్గుతుందని ఒకరు సలహా ఇచ్చారు.

“అన్నా, టాపు సంగతి తప్ప ఇంకేదైనా చెప్పండి” అందామె.

ధర్మపురి చేరేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. మూడు మలుపుల్లో ఒక గడ్డి బండిని, ఒక మైలురాయిని, ఒక టీ కొట్టు బెంచీని తప్పించి, తప్పించానని నమ్మలేక వెనక్కి తిరిగి చూసుకుంది. ఆ బండి మీద ప్రేమేమీ కలగలేదు. దాన్ని రోజూ నడపాలన్న ఆలోచనకే భుజాలు లాగాయి. అయినా తెచ్చింది.

దొరకు ఇచ్చిన మాట తప్పడం ఇష్టంలేక ఆకుపచ్చ కారును గంగప్పే మిల్లుకు ఉంచుకున్నాడు. ఆయన బొజ్జకూ ఆ స్టీరింగుకూ సరిపడలేదు. రోజూ పక్కకు ఒరిగి కూర్చుని నడిపేవాడు. ఎవరైనా అడిగితే, డాక్టరమ్మ ఎంచిన బండి ఇది, చాలా మంచి బండి అని చెప్పేవాడు. వాళ్ళు అయోమయంగా చూసేవారు.

తెల్ల కారు వెనక సీటు ఊడదీయించి, వడ్లవాడి చేత మంచం కాళ్ళు కదలకుండా పట్టే చట్రం చేయించింది నాగవేణమ్మ. ఒక సైజు పెట్టుకుంటే చాలునని ఆమె అంది. ఊళ్ళో మంచాలు రకరకాలుగా ఉంటాయని మారప్ప గొలుసు తీసుకుని పల్లె పల్లెకూ పోయి మంచాలు కొలిచి వచ్చాడు. ఈసారి ఆ కొలతలు పనికివచ్చాయి, అది కూడా ఆమె ఒప్పుకోవలసి వచ్చింది.

చట్రం బిగించిన పొద్దున పాలకోడునుంచి మనిషి వచ్చాడు. నాగవేణమ్మ పెట్టె వేసుకుని కారెక్కి ఇంజను వేసింది. కన్నియమ్మ పక్కన ఎక్కింది. అప్పుడే గంగప్ప ఒక రంగుల పనివాణ్ణి వెంటబెట్టుకుని గేటులోకి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టి కారు ఆపాడు.

“అమ్మా, తలుపు మీద సంఘం పేరు బంగారు రంగుతో రాయిద్దాం. తెలుగులో రాసేదా, అరవంలో రాసేదా? ఇంగిలీషులో అయితే మరియాదగా ఉంటుందని మారప్ప అంటా ఉండాడు.”

“నన్ను పోనీయండి మామా.”

“నువ్వు చెప్పింది నిజమే. అయినా, ఏ తలుపు మీదనో చెప్పేసి పో.”

నాగవేణమ్మ గేరు వేసింది. “మీకు ఏది తోస్తే అది రాయండి” అంది. “నేను వచ్చినాక రాయండి.”

గంగప్ప పక్కకు తప్పుకున్నాడు. కారు గేటు దాటి, వీధి మలుపులో రెండుసార్లు ముందుకూ వెనక్కూ ఆడి, పాలకోడు రోడ్డెక్కింది.